గోడ దిగితేనే ఊరు

డుబ్రోవ్నిక్‌లో ఓడ ఆగేది కొద్ది గంటలే. గ్రూజ్ రేవులో దిగి, బస్సులో పీలే గేటు చేరి, 1,940 మీటర్ల కోటగోడ చుట్టి వస్తే ఊరు చూసేసినట్టే అంటారు చాలామంది. మేము ఒప్పుకోము.

గోడ ఎక్కాల్సిందే. 1991-92 ముట్టడిలో దెబ్బతిన్న ఇళ్లకు వేసిన కొత్త పెంకులు ఎర్రగా, పాతవి వెలిసిపోయి, పైనుంచే తెలుస్తాయి. కానీ కిందికి దిగి, స్ట్రాడన్ వీధి దాటి మెట్ల సందుల్లోకి పోవాలి. తాళ్ల మీద ఆరేసిన బట్టలు కనబడితే, అక్కడ ఇంకా కాపురాలున్నాయని అర్థం. ఆ కాపురాలే తగ్గిపోతున్నాయి. ఇళ్లు యాత్రికుల అద్దె గదులు అయిపోతున్నాయి.

2019లో ఒకేసారి రెండు ఓడలకు మించి రాకుండా పెట్టుకున్న కట్టడి అందుకే మాకు సరైనదనిపిస్తుంది. యాత్రికులే వాళ్ల బతుకుదెరువు కదా అంటారు. నిజమే. అయితే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఎంత లోడ్ తట్టుకుంటుందో చూడకుండా మేము దేన్నీ బయటికి వదలము. ఊరికీ అంతే.

కర్ణాటకలో తరాలుగా ఇంట్లో తెలుగు నిలుపుకున్నవాళ్లం, మనకిది కొత్త సంగతి కాదు. గోడలుంటే చాలదు, లోపల మాట్లాడుకునేవాళ్లుండాలి. మీరు పోతే ఒక గంట ఆ సందులకు ఉంచుకోండి. గొంతు మాత్రం తగ్గించండి, అవి ఒకరి వాకిళ్లు.