మోరీ నీటికి దారేది?

మన వరంగల్ జిల్లా పల్లెలకు నల్లా నీరు వచ్చింది. సంతోషించవలసిన విషయమే. బిందెలు పట్టుకొని బోరింగు దగ్గర వరుస కట్టే బాధ ఆడవారికి చాలావరకు తప్పింది. అయితే ఇంట్లోకి వచ్చిన నీరు వాడుకున్న తర్వాత ఎటు పోవాలన్న సంగతి మాత్రం ఎవరూ ఆలోచించినట్లు కనబడదు.

2016లో ప్రారంభించిన మిషన్ భగీరథ పథకాన్ని పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్ల లెక్కన రూపొందించారు. వాడిన నీటిలో సుమారు మూడింట రెండు వంతులు మురుగుగా బయటికి వస్తుందని ఇంజనీర్ల అంచనా. అంటే 2,000 జనాభా గల ఊరు రోజుకు లక్షా ముప్పైవేల లీటర్ల మురుగును వదులుతుంది. 5,000 లీటర్ల ట్యాంకర్లకు పోస్తే ఇరవై ఆరు ట్యాంకర్లు. అన్ని ఊళ్ళకూ నీరు అంత ధారాళంగా రావడం లేదు గనుక సగమే అనుకుందాం. అయినా పదమూడు ట్యాంకర్లు, అదీ ప్రతిరోజూ.

దీనికి మన పంచాయతీలు కనిపెట్టిన ఉపాయం ఒక్కటే. సిమెంటు రోడ్డు వేసి పక్కన కాలువ కట్టడం. కాలువ కొంతదూరం పోయి ఎవరి ఇంటి ముందో, ఏ బడి గోడ పక్కనో ఆగిపోతుంది. నిధులు అంతవరకే వచ్చాయంటారు. నిధులు పూర్తిగా వచ్చిన చోట ఇంకా నష్టం. కాలువ నేరుగా చెరువులో కలుస్తుంది. 2015 నుంచి మిషన్ కాకతీయ కింద పూడిక తీసిన చెరువులలోకే మురుగు వదిలి గుర్రపుడెక్కను మనమే పెంచుతున్నాము. ఆ చెరువులోనే పశువులు నీరు తాగుతాయి, చేపలు పట్టేవారు మొలలోతు దిగుతారు. బోదకాలును వ్యాపింపజేసే క్యూలెక్స్ దోమకు నిలిచిన మురుగు నీరే పుట్టిల్లు. (డెంగీ దోమ సంగతి వేరు. అది మూత లేని మంచినీటి గోలెంలోనే పుడుతుంది గనుక మోరీలు బాగుచేసినంత మాత్రాన అది పోదు.)

స్నానానికి, బట్టలకు, గిన్నెలు తోమడానికి వాడిన నీరు ఒక రకం. మరుగుదొడ్డి నుంచి వచ్చేది మరొక రకం. మొదటిది మొక్కకు పనికివచ్చే నీరు. రెండవది రోగక్రిములతో నిండినది. ఈ రెండూ ఒకే మోరీలో కలిసిన క్షణం నుంచి మొదటిది కూడా విషమవుతుంది. కలవకుండా చూస్తే సమస్యలో పెద్ద భాగం ఇంటి పెరట్లోనే తీరుతుంది.

పెరడున్న ఇంట్లో నాలుగు అరటి చెట్లు, కొంత చామ, మెట్టతామర వేస్తే ఆ ఇంటి నీటిలో చాలా భాగం అక్కడే ఖర్చయిపోతుంది. పచ్చిగా తినే కొత్తిమీర వంటి ఆకులకు మాత్రం ఈ నీరు పెట్టరాదు. పెరడు లేనివారికి ఇంకుడు గుంత. ఎర్ర చెలక నేలల్లో అది బాగా పనిచేస్తుంది. గత దశాబ్దంలో ఉపాధి హామీ పనుల కింద వీటిని తవ్వించినప్పుడు చాలామంది ఏడాదిలోనే మూసుకుపోయాయని విసుక్కున్నారు. తప్పు గుంతది కాదు. మెతుకులు, జిడ్డు, మట్టి నేరుగా రాళ్ళ మధ్యకు పోతే ఏ గుంతయినా మూసుకుపోతుంది. గుంతకు ముందు జాలీ పెట్టిన చిన్న తొట్టి ఒకటి కట్టి, వారానికోసారి దానిని శుభ్రం చేయాలి. కొన్నేళ్ళకు ఒకసారి రాళ్ళు బయటికి తీసి కడగాలి. పొరుగు రాష్ట్రమైన మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో చిల్లులు పెట్టిన సిమెంటు తొట్టిని గుంతలో దించి, చుట్టూ రాళ్ళు నింపే పద్ధతిని ఊళ్ళకు ఊళ్ళే అనుసరించాయి.

నల్లరేగడి నేలల్లో ఈ మాట చెల్లదు. రేగడి నీటిని పీల్చదు. ఇళ్ళు గోడకు గోడ ఆనుకొని వుండే పాత వాడల్లో గుంతకు చోటూ వుండదు. అటువంటి చోట మోరీ తప్పదు. కాని మోరీకి, చెరువుకు మధ్య రెండు మూడు కుంటలు తవ్వి, నీరు ఒకదానినుంచి మరొకదానికి నెమ్మదిగా పారేటట్లు చేయవచ్చు. మట్టి అడుగుకు దిగుతుంది, మిగిలిన పని ఎండా గాలీ చేస్తాయి. పంజాబులోని సీచేవాల్ గ్రామంలో ఊరి మురుగును వరుసగా మూడు బావుల గుండా పంపి, చెరువులో నిలిపి, అక్కడినుంచి మోటారుతో పొలాలకు పెట్టే ఏర్పాటు చేసుకున్నారు. మన రైతులకూ వేసవిలో పనికివచ్చే నీరే అది.

ఇక మరుగుదొడ్డి విషయం. దీనికి మనం పంజాబు దాకా పోనక్కరలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ మన గీసుకొండ మండలం గంగదేవిపల్లికి వచ్చి, నిండి ఎండిన మరుగుదొడ్డి గుంతలోకి తానే దిగి ఎరువు ఎత్తిపోశారు. వివిధ రాష్ట్రాల అధికారులూ ఆయన వెంట దిగారు. అదే నెలలో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో ఆ సంగతి చెప్పారు. అందులో మాయ లేదు. రెండు గుంతలు వుంటాయి. ఒకటి సుమారు ఐదేళ్ళకు నిండితే దాన్ని మూసి రెండవ దానికి మళ్ళించాలి. మూసిన గుంతను ఏడాదిన్నర, రెండేళ్ళు కదపకుండా వదిలితే వాసన లేని పొడి ఎరువు మిగులుతుంది. గుంత అడుగున సిమెంటు వేయరాదు, మంచినీటి బావికి కనీసం పది మీటర్ల దూరం వుండాలి.

అంతటి పేరు వచ్చిన జిల్లాలో తరువాత జరుగుతున్నదేమిటి? ఒక్క గుంతతోనే సరిపెట్టినవి, వరల మీద వరలు దించి లోతుగా తవ్వినవి, సెప్టిక్ ట్యాంకు కట్టి దాని పైపును చీకట్లో మోరీలోకి వదిలినవి కనబడుతున్నాయి. ట్యాంకు నిండితే బండి పిలిపిస్తారు. బండివాడు ఆ మలినాన్ని ఏ వాగులో పారబోశాడో డబ్బిచ్చినవారు అడగరు. బండి దొరకకపోతే ఎవరో ఒక పేదవాణ్ణి లోపలికి దించుతారు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని సెప్టిక్ ట్యాంకులోకి దించడాన్ని 2013 చట్టం నిషేధించింది. మురుగు కాలువల్లో, ట్యాంకుల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో ఆదేశించింది. గంగదేవిపల్లి గుంతలో అంతటి అధికారి దిగి క్షేమంగా పైకి వచ్చారు. ఎందుకంటే అది ఎండిన గుంత. సెప్టిక్ ట్యాంకులో విషవాయువు వుంటుంది.

డబ్బు లేదనే మాట పూర్తిగా నిజం కాదు. 2020లో మొదలైన స్వచ్ఛభారత్ రెండవ దశలో 5,000 లోపు జనాభా గల గ్రామాలకు వాడిన నీటి ఏర్పాట్ల కోసం తలకు రూ.280 చొప్పున కేటాయించారు. 2,000 మంది వున్న ఊరికి అది రూ.5,60,000. అందులో 30 శాతం ఆర్థిక సంఘం గ్రాంటు నుంచి పంచాయతీ పెట్టుకోవాలి. ఈ సొమ్ము ఎంత వచ్చింది, ఎందుకు ఖర్చయింది అని గ్రామసభలో అడిగే హక్కు ప్రతి ఓటరుకూ వుంది. సిమెంటు కాలువ మీద మోజు తగ్గితే అదే సొమ్ముతో ఎన్నో ఇళ్ళకు ఇంకుడు గుంతలు వస్తాయి. కాని కాలువ కట్టే పని ఒకే కాంట్రాక్టరుకు ఇవ్వవచ్చు, గుంతలు ఇంటింటికీ తిరిగి చేయించాలి. అసలు ఇబ్బంది ఇక్కడ వున్నదేమోనని అనుమానం కలుగుతుంది.

సుమారు రెండేళ్ళు ప్రత్యేకాధికారుల పాలనలో వున్న పంచాయతీలకు 2025 డిసెంబరు ఎన్నికలతో మళ్ళీ సర్పంచులు వచ్చారు. వారు కొత్త కాలువకు కొబ్బరికాయ కొట్టేముందు వార్డు మెంబర్లను వెంటబెట్టుకొని పాత కాలువ వెంట చివరిదాకా నడవాలి. మరుగుదొడ్డి పైపులు ఎన్ని అందులోకి వదిలారో లెక్క రాసి, ముందు వాటిని మూయించాలి. మండల ఇంజనీర్లు కూడా కాలువ పొడవు, వెడల్పులతో పాటు దాని నీరు చివరకు ఎక్కడ పడుతున్నదో కొలతల పుస్తకంలో నమోదు చేయాలి. అది రాయనిదే బిల్లు మంజూరు కాకుండా జిల్లా పంచాయతీ అధికారి, కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి.