నాగుపాము ఉపవాసం చెయ్యదు

ఈ శ్రావణంలో నాగుల పంచమి నాడు మా హైదరాబాద్ వీధిలోకి ఒక పాములవాడు బుట్టతో వచ్చాడు. పక్కింటావిడ గిన్నెలో పాలు తెచ్చి పెడితే పాము తల వంచి తాగింది. "చూశారా అన్నయ్యగారూ, ఎలుకని వేసినా ముట్టదట. నెల్లాళ్ళుగా ఉపవాసమట. పాలు మాత్రమే పుచ్చుకుంటుంది. దేవుడు కాక మరేంటి?" అంది ఆవిడ. ఆ మాట విన్నప్పటి నుంచి నా కడుపు రగిలిపోతోంది.

పాము మాంసాహారి. ఎలుకలు, కప్పలు, పక్షులు, గుడ్లు, ఒక్కోసారి తోటి పాముల్ని కూడా మింగుతుంది. గుడ్డు పగిలి బయటికొచ్చిన రోజు నుంచి పాముపిల్ల బతుకు దానిదే, పాలిచ్చే తల్లి దానికి లేదు. పాలు దాని ఒంటికి పడవు. మరి ఎందుకు తాగింది? పండక్కి వారాల ముందే పట్టి, చుక్క నీళ్ళివ్వకుండా బుట్టలో పడేశారు కాబట్టి. దాహంతో ప్రాణం పోతున్న జీవి ముందు ఏది పోసినా తాగుతుంది. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి దిగితే చచ్చిపోతుంది కూడా.

ఇక ఎలుకని ముట్టకపోవడం సంగతి. ఇలాంటి పాముల నోళ్ళు ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? కోరలు పీకేసి ఉంటాయి. చిగుళ్ళు వాచి చీము పట్టి ఉంటాయి. కొన్నింటికి పెదవుల్ని దారంతో కుట్టేసి, ద్రవం దిగేంత సందు మాత్రం వదులుతారు. కుట్టేసిన నోట్లోకి ఎలుక ఎలా వెళ్తుంది? మనిషి మూతి కుట్టేసి, అన్నం మానేశాడు, మహాత్ముడయ్యాడు అంటే ఒప్పుకుంటామా?

నోరు బాగున్న పాము కూడా పట్టుబడిన కొత్తలో తినదు. భయం దాని ఆకలిని చంపేస్తుంది. వేడి చాలకపోతే తిన్నది అరగదు, కక్కేస్తుంది. బలవంతంగా గొంతులోకి తోస్తే లోపల చీరుకుపోతుంది. తెలిసినవాళ్ళు ముందు నీళ్ళు పెడతారు, చీకటిగా ఉన్నచోట ఉంచి జోలికి పోకుండా వదిలేస్తారు, ఒంటికి వెచ్చదనం చూస్తారు. ఆ తర్వాతే ఆహారం. పాముని చంపకుండా పని జరుపుకునేవాళ్ళూ ఉన్నారు. చెన్నై దగ్గర వడనెమ్మేలిలో పాములు పట్టే ఇరుళ గిరిజనుల సహకార సంఘం ఉంది, 1978లో పెట్టారు. వాళ్ళు పాముల్ని మట్టికుండల్లో పెట్టి, కుండ మూతికి గుడ్డ కట్టి, కొన్ని వారాల్లో నాలుగైదుసార్లు విషం తీసి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు. పాముకాటు మందు ఎక్కువగా తయారయ్యేది ఆ విషంతోనే. మన దేశంలో పాముకాటుకి ఏటా సుమారు 58,000 మంది పోతున్నారని 2020లో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. ఆ చావుల్ని ఆపే పని ఎవరిదో, దండాలు ఎవరికో!

మా అమ్మమ్మది కోస్తా. కార్తీకంలో నాగుల చవితికి చిమ్మిలి, చలిమిడి పట్టుకుని నన్ను పుట్ట దగ్గరికి తీసుకెళ్ళేది. పుట్టమన్ను తడిపి చెవులకి రాసేది. పుట్టలో పాము ఉందో లేదో ఎవరికీ తెలీదు. ఒక ఏడాది పండగ మర్నాడు గడ్డివాము కింద నాగుపాము కనబడింది. మా మామయ్యలు కర్రలతో కొట్టి చంపేశారు. తర్వాత అమ్మమ్మ దాని మీద పాలు పోయించి, దహనం చేయించి, దోషం పోయిందంది. ముందురోజు దండం పెట్టిన చేతులే అవి. ఆ పాము ఒళ్ళు ఇంకా మెలికలు తిరుగుతుండగా పాలు పోయడం నేను మర్చిపోలేను.

పాములవాడిని నేను వెనకేసుకురాను. కానీ 1972 వన్యప్రాణి చట్టం అతని తాతల వృత్తిని నేరం చేసింది, బదులు మరో బతుకు చూపించలేదు. బుట్ట తెరిస్తే చాలు మనం నోట్లు తీస్తాం. అతను ఇంకేం చేస్తాడు?

పంచమి ముందు అటవీశాఖవాళ్ళు, పాముల్ని కాపాడే వాలంటీర్లు బుట్టల్ని స్వాధీనం చేసుకుంటారు. కుట్లు విప్పుతారు, నీళ్ళు పట్టిస్తారు. పీకేసిన కోరలు మళ్ళీ మొలుస్తాయి, అందుకే పాములవాళ్ళు వాటిని పదేపదే పీకుతారు. చితికిపోయిన విషగ్రంథి మాత్రం తిరిగి రాదు. అలాంటి పాముని అడవిలో వదిలితే వేటాడలేదు, ఉంచుకుంటే తిండి ముట్టదు. చాలావాటికి నోటిపుండు లోపలికి పాకేసి ఉంటుంది. అవి కొద్దిరోజుల్లోనే చచ్చిపోతాయి.