సర్టిఫికెట్ ఇస్తారా అంకుల్?

పై వీడియోలో జీవామృతం డ్రమ్ము దగ్గర కర్రతో కలుపుతున్న అబ్బాయి గురించి చాలామంది అడిగారు. "ఎవరండీ ఆయన, ఈమధ్య వీడియోల్లో కనబడటం లేదు?" అని. ఆ జవాబు రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే ఈసారి పంట గురించి కాకుండా చదువు గురించి రాస్తున్నా.

మాది సంగారెడ్డి వైపు మూడున్నర ఎకరాలు. బోరు కింద అర ఎకరం కూరగాయలు, మిగతాది కంది, జొన్న. ప్రతి ఆదివారం సరుకు వేసుకుని మూసాపేటలో మా అక్క వాళ్ళింటికి వస్తాను. అరుగు మీదే అమ్మకం. ఎదురుగా అబ్బాయిల హాస్టల్. ఓ ఆదివారం అందులోంచి ఒకబ్బాయి వచ్చి, ఏమీ కొనకుండా అరగంట నిలబడ్డాడు. బీటెక్ మెకానికల్ అయిపోయి రెండేళ్లట. ఉద్యోగం లేదు, సాఫ్ట్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నాడట. చివరికి నోరు విప్పాడు. "అంకుల్, మీ దగ్గరకొస్తే వ్యవసాయం నేర్పిస్తారా?" అన్నాడు. రమ్మన్నాను. వెంటనే ఇంకో ప్రశ్న. "సర్టిఫికెట్ ఇస్తారా?"

అప్పుడు నవ్వేశాను. ఇప్పుడైతే నవ్వను.

మూసాపేట మెట్రో స్టేషన్‌లో నిలబడితే మన పిల్లల చదువు ఎలా నడుస్తోందో అర్థమైపోతుంది. మియాపూర్ వైపు వెళ్తే నాలుగో స్టేషన్ జేఎన్‌టీయూ. అటు డిగ్రీ. ఎల్బీనగర్ వైపు వెళ్తే అయిదో స్టేషన్ అమీర్‌పేట. ఇటు కోర్సులు. నాలుగేళ్లు చదివి పట్టా తెచ్చుకున్నవాడు, పని నేర్చుకోవడానికి మళ్ళీ డబ్బు కట్టి అమీర్‌పేట రైలెక్కుతున్నాడు. పట్టా ఒకచోట, పని ఇంకోచోట. మధ్యలో హాస్టల్ అద్దె మాత్రం అమ్మానాన్నలది.

మన వ్యవసాయ చదువు ఇంతకంటే మెరుగ్గా ఉందా? పదో తరగతి తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. రెండేళ్ల డిప్లొమా. ఇంటర్ తర్వాత ఎంసెట్, ఇప్పుడు ఎప్‌సెట్ అంటున్నారు, అది రాసి నాలుగేళ్ల బీఎస్సీ అగ్రికల్చర్. చివరి ఏడాదిలో పిల్లల్ని పల్లెలకు పంపే రావెప్ కూడా ఉంది. మంచిదే. కానీ నేను మాట్లాడిన పిల్లల్లో ఎక్కువమంది చూపు ఏఈఓ పోస్టు మీదో, ఎరువుల కంపెనీ ఉద్యోగం మీదో ఉంది. సొంతంగా సాగు చేస్తానన్నవాళ్లు నాకు తగిలింది తక్కువ. 2020 జాతీయ విద్యా విధానంలోనే ఒక లెక్క ఉంది. దేశంలోని విశ్వవిద్యాలయాల్లో సుమారు 9 శాతం వ్యవసాయ విశ్వవిద్యాలయాలే. ఉన్నత విద్యలో చేరేవాళ్లలో వ్యవసాయం, దాని అనుబంధ కోర్సుల్లో చేరేది మాత్రం 1 శాతం లోపే.

ఇంకోపక్క తెలంగాణలో 65 ఐటీఐలను 2,324 కోట్లతో అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పని 2024లో మొదలుపెట్టారు. రోబోటిక్స్, సీఎన్‌సీ, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ లాంటి కోర్సులు. దాన్ని నేను తప్పుపట్టను. మూసాపేట పక్కనే బాలానగర్‌లో 1968 నుంచి సీఐటీడీ ఉంది, టూల్ డిజైన్ నేర్పుతుంది. లేత్ మీద చెయ్యి పెట్టకుండా ఎవడూ టర్నర్ కాలేడని ఆ ఏరియాలో చిన్నపిల్లాడికీ తెలుసు. నేనడిగేది ఒక్కటే. మట్టిలో చెయ్యి పెట్టి నేర్చుకున్నవాడికి కూడా అలాంటి గుర్తింపు ఎందుకు లేదు?

ఆ అబ్బాయి మిరుగు నుంచి సంక్రాంతి దాకా మా దగ్గరే ఉన్నాడు. వచ్చేముందే యూట్యూబ్‌లో చాలా వీడియోలు చూశాడు, మనవి కూడా. జీవామృతం కొలతలు నాకంటే గడగడా చెప్పేవాడు. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, గట్టుమీది గుప్పెడు మట్టి. అన్నీ సరిగ్గానే కలిపాడు. కలిపి డ్రమ్ముకు మూత గట్టిగా బిగించి ఎండలో పెట్టాడు. మూడో రోజు తెరిస్తే కుళ్లు వాసన. గోనెసంచి కప్పి నీడలో పెట్టాలి, పొద్దున సాయంత్రం కలపాలి అని వీడియోలో చెప్పే ఉంటారు, అతను వినే ఉంటాడు. కానీ వీడియోలో వాసన రాదు కదా! మంచి జీవామృతం వాసన ఎలా ఉంటుందో ముక్కుకు తెలిస్తేనే చెడింది తెలుస్తుంది.

కంది పూతకొచ్చినప్పుడు పురుగు కనబడగానే అగ్నిఅస్త్రం కొడదామని పరిగెత్తుకొచ్చాడు. ఆగమన్నా. పది చెట్లు చూసి లెక్కపెట్టించా. పక్షులు వాలడానికి కర్రలు పాతించా. సాలీళ్లు ఎన్ని ఉన్నాయో చూపించా. ఎప్పుడు కొట్టాలో నేర్చుకోవడానికి ఒక రోజు చాలు. ఎప్పుడు కొట్టకూడదో నేర్చుకోవడానికి అతనికి మొత్తం సీజన్ పట్టింది. చివరికి వచ్చేసరికి నేను ఊరెళ్లినా పొలం వదిలి వెళ్లగలిగేంత ధైర్యం నాకొచ్చింది.

సంక్రాంతికి ఇంటికి పోయాడు. వాళ్ల నాన్న అడిగాడట, "ఇన్ని నెలలు ఏం చేశావో కాగితం చూపించు" అని. సేంద్రియ ఉత్పత్తులు అమ్మే ఒక సంస్థలో ఫీల్డ్ సూపర్‌వైజర్ పనికి వెళ్తే డిప్లొమా ఏదన్నారు. ఇప్పుడు మళ్ళీ అదే హాస్టల్లో ఉన్నాడు, అమీర్‌పేట కోర్సుకు వెళ్తున్నాడు. ఆ నాన్నను తప్పుపట్టలేను. తప్పు నాది కూడా. అంత పని నేర్పి, ఒక్క కాగితం రాసివ్వాలన్న ఆలోచన నాకు రాలేదు.

"రైతుకు సర్టిఫికెట్ ఎందుకయ్యా, మన తాతలకుందా?" అని మనలో చాలామంది అంటారు. నేనూ అన్నవాణ్ణే. కానీ తాతలకు భూమి ఉంది, పక్కన నేర్పే తండ్రి ఉన్నాడు. ఈ పిల్లలకు ఆ రెండూ లేవు. కౌలుకు భూమి అడగాలన్నా, అప్పు అడగాలన్నా, పెళ్లి సంబంధం మాట్లాడాలన్నా ముందు "నీకేం వచ్చు?" అని అడుగుతారు. ఇంకొంతమంది భయం వేరు. రెండు రోజుల శిక్షణ, ఒక గ్రూప్ ఫొటో, చేతిలో రంగు కాగితం, జేబులోంచి వేలకు వేలు. ఆ వ్యాపారం ఇప్పటికే నడుస్తోంది. మనం గట్టి పద్ధతి పెట్టకపోతే అదే ఇంకా పెరుగుతుంది.

ఆ పద్ధతి కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. పీజీఎస్ ఇండియా మనందరికీ తెలుసు. అయిదుగురు, ఆపైన రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు తనిఖీ చేసుకుంటారు. వాళ్లు సంతకం పెడితే, రీజనల్ కౌన్సిల్ ఆమోదిస్తే, ఆ పంట సేంద్రియమని ప్రభుత్వ గుర్తింపు వస్తుంది. పంటకు మనం సాక్ష్యం చెబితే చెల్లుతున్నప్పుడు, ఆ పంట పండించిన మనిషికి మన సాక్ష్యం ఎందుకు చెల్లదు?

రైతు గురువు కాగలడని ఒప్పుకున్న చోట్లు కూడా ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం చేసే రైతులనే శిక్షకులుగా పెట్టి తోటి రైతులకు నేర్పిస్తోంది. ఆ పనికి 2024లో గుల్బెంకియన్ బహుమతి కూడా వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వాళ్ల పచ్చసాలెలో పుస్తకంతో పాటు వ్యవసాయం, చేతిపనులు నేర్పారు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్‌లో 30,000 మంది కృషి సఖులు ఉంటారన్నారు. పని అనుభవాన్ని కూడా చదువు క్రెడిట్లుగా లెక్కించొచ్చని నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ చెబుతోంది. ముక్కలన్నీ ఉన్నాయి, కలిపేవాళ్లు కావాలి.

కాబట్టి నేను కోరేది ఇది. దుక్కి నుంచి అమ్మకం దాకా ఒక పూర్తి పంటకాలం రైతు దగ్గర ఉండాలి. నేర్పిన రైతుకు గౌరవ వేతనం ఇవ్వాలి. పరీక్ష పొలంలోనే, అయిదుగురు రైతుల ముందు జరగాలి. పాసైతే వ్యవసాయ పాలిటెక్నిక్‌లోనో, విశ్వవిద్యాలయంలోనో ఆ క్రెడిట్లు లెక్కలోకి రావాలి.

అది వచ్చేదాకా ఊరికే కూర్చోను. ఈ వానాకాలం నుంచి మా దగ్గరకొచ్చే ప్రతి ఒక్కరికీ ఒక నోటుబుక్కు పెడుతున్నా. ఏ తేదీన ఏ పని సొంత చేత్తో చేశారు, ఏం తప్పు జరిగింది, ఎలా సరిదిద్దారు, ఖర్చెంత, దిగుబడెంత, అన్నీ రాయాలి. వారానికో చిన్న వీడియో. చివర్లో నేను, మా గ్రూపులోని మరో నలుగురు రైతులు పొలంలో ప్రశ్నలడిగి సంతకాలు పెడతాం. మొదటి పుస్తకం ఆ అబ్బాయిదే. పాత వీడియోల తేదీలు చూసి, అతన్ని ఫోన్‌లో అడుగుతూ రాస్తున్నా. ఆ కుళ్లిపోయిన డ్రమ్ము సంగతి కూడా రాయమన్నాడు.

మీలో ఎవరైనా సీజన్‌కు ఒక్కరిని దగ్గర పెట్టుకుని నేర్పగలిగితే, మీ ఊరు, మీ పంటలు కింద రాయండి. నోటుబుక్కులో ఏమేం ఉండాలో వచ్చే వీడియోలో పేజీలు తిప్పి చూపిస్తా.