బెత్తెడు చేపయు, పెద్ద యానకట్టలును

ఆనకట్ట కట్టుటకు ముందు దానివలన కలుగు హాని నెంచి చూడవలెనను నియమము నేడు పెక్కుదేశముల శాసనములలో కలదు. ఎంచి చూచు రీతియందే చిక్కున్నది. అమెరికాలోని రియో గ్రాండె నదిలో బ్రదుకు వెండి మిన్నో యను చేపయే ఇందుకు సాక్షి.

ఈ చేప బెత్తెడు పొడవుది. నదిలో దీని యాయువు సాధారణముగ ఒకటి రెండేండ్లకు మించదు. వసంతమున కొండలపై మంచు కరగి వరద రాగానే గ్రుడ్లు పెట్టును. ఆ గ్రుడ్లు అడుగున నిలువక ప్రవాహముతో కొట్టుకొనిపోవుచునే ఒకటి రెండు దినములలో పిల్లలగును. పూర్వము పెరిగిన చేపలు మరల ఎగువకు ఈదిపోవుచుండెడివి. ఇప్పుడు ఆంగోస్తురా, ఐస్లెటా, సాన్ అకేసియా యను కాలువల యానకట్టలు దారికి అడ్డుగ నున్నవి. వానికి పైనున్న కోచిటి ఆనకట్ట వరదనే బిగబట్టుచున్నది. దిగువకు పోయినది తిరిగి రాలేదు. ఆ దిగువ భాగమే వేసవిలో ఎండిపోవుచున్నది. గుంటలలో చిక్కిన చేపలను ఉద్యోగులు వలలతో ఏరి నీరున్న చోటికి మోయుచుందురు! న్యూ మెక్సికో నుండి సముద్రము వరకు వ్యాపించిన జాతికి నేడు మిగిలిన నది పదింట నొకవంతైనను లేదు. దీనిని ఆపన్నజాతిగ 1994లో ప్రకటించిరి. ఆనకట్టలు అంతకు చాలకాలము ముందే వెలసినవి.

ఇందులో ఏ యానకట్ట దోషి? విడివిడిగ పరీక్షించినచో ప్రతిదియు నిర్దోషియే యని వాదింపవచ్చును. అన్నియు కలిసి చేసిన పని ఏ యొక్కదాని లెక్కలోను చేరదు. రైతుల నీటి హక్కు అల్పమైనదని మే మనము. పంట యెండిన వానికి చేపను చూపుట న్యాయము కాదు. కాని ఆ తగవు న్యాయస్థానములకెక్కి, 2003లో వారి శాసనసభ ఒక పథకపు నీటిని చేపకై విడువరాదని కట్టడి చేయవలసి వచ్చుటకు మూలము, ముందు చేయవలసిన విచారణ చేయకపోవుటయే.

మన దేశమున 2006 నాటి ప్రకటన 25 మెగావాట్లకు లోబడిన జలవిద్యుత్పథకములను పర్యావరణానుమతి నుండి విడిచిపెట్టినది. పథకము చిన్నదైనచో హాని చిన్నదను భ్రమ దీనికి ఆధారము. పడమటి కనుమలలో మరియెచ్చటను లేని చిఱుచేపలు అట్టి చిన్న యేళ్లలోనే కలవు. ఒకే యేటిపై నాలుగు చిన్న పథకములు వచ్చినచో నాల్గింటిని కలిపి విచారించు బాధ్యత ఎవరిది? మెగావాట్ల కొలతను తీసివేసి, ఏటినంతటిని ఒక్కటిగ నెంచి, చేపలు గ్రుడ్లుపెట్టు ఋతువున పరీక్షించిన పిమ్మటనే అనుమతి యీయవలెనని కేంద్రప్రభుత్వమును మేము కోరుచున్నాము.