రాయని పంతులు రాయించగలడా?

మా వృత్తిలో ఒక విచిత్రమైన నమ్మకం పాతుకుపోయి ఉంది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మాస్టారు తీరిక వేళల్లో స్థలాల బేరాలు చూసుకోవచ్చు, చిట్టీలు నడుపుకోవచ్చు; లోకజ్ఞానం కలవాడనిపించుకుంటాడు. అదే మనిషి కథ రాస్తే మాత్రం "ఇక పాఠాలెప్పుడు చెబుతాడండీ?" అంటారు. నా కథ ఒక పత్రికలో అచ్చయిన వారం, అప్పటి మా ప్రధానోపాధ్యాయులు నన్నడిగింది ఒక్కటే: సిలబస్ ఎంతవరకు వచ్చిందని. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ ప్రశ్న వెనకనున్న ఆలోచనతోనే నా పేచీ.

రాయడం వేరు, రాయడం నేర్పడం వేరు అంటుంది ఆ ఆలోచన. అంటే, ఈత రానివాడు గట్టున కూర్చుని ఈత నేర్పవచ్చునన్నమాట! ఫలితం చూస్తూనే ఉన్నాం. పదో తరగతి పిల్లవాడు స్నేహితునికి రాసే ఉత్తరాన్ని కూడా గైడు చూసి బట్టీ పడతాడు. తాను వెళ్ళని విహారయాత్రను, తనకు లేని స్నేహితునికి, తనవి కాని మాటల్లో వర్ణిస్తాడు. గిరీశం వెంకటేశానికి చెప్పిన ఇంగ్లీషు చదువును చూసి నూరేళ్ళకు పైగా నవ్వుతున్నాం. ఈ గైడు చదువు దానికన్న ఏ పాటి మెరుగు?

న్యూయార్కులో ఫ్రాంక్ మెకోర్ట్ అనే పంతులు దాదాపు మూడు దశాబ్దాలు హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు చెప్పాడు. వ్యాసం రాయమంటే మొహం చాటేసే పిల్లలే, తల్లిదండ్రుల పేర దొంగ సెలవుచీటీలు మాత్రం అద్భుతంగా అల్లుతున్నారని గమనించాడు. అయితే ఆదాము దేవుడికి సంజాయిషీ చీటీ రాస్తే ఎలా ఉంటుందో రాయండన్నాడు. గైడు నమ్ముకున్నవాడికి తట్టే ఉపాయమా ఇది? రాత మీద మోజున్నవాడికే తడుతుంది.

ఆయన తొలి పుస్తకం 'ఏంజెలాస్ యాషెస్' ఉద్యోగ విరమణ తరవాత, 1996లో గాని రాలేదు. మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి వచ్చింది. "చూశారా, రెండూ పొసగవు" అనేవారికి నా జవాబు: రోజుకు ఐదు తరగతులు చెప్పించే బడి రాతకు అడ్డమైందే గాని, రాత బడికి అడ్డం కాలేదు.

"ఇంగ్లీషు పంతులికి తెలుగు రాతలెందుకు?" అనేవారూ ఉన్నారు. గురజాడ మొదట కవిత్వం రాసింది ఇంగ్లీషులో. 1897లో అచ్చయిన కన్యాశుల్కానికి పీఠిక కూడా ఇంగ్లీషులోనే రాశాడు. ఆయనలో ఈ రెండు భాషలూ పోట్లాడుకోలేదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. వారానికొక పీరియడు, పిల్లలకిచ్చిన అంశం మీదే పంతులూ వాళ్ళ ముందు నల్లబల్ల మీద రాయాలి. వాక్యం కుదరక కొట్టివేయడం, మాట కోసం తడుముకోవడం వాళ్ళు చూడాలి. పెద్దవాళ్ళకూ మొదటి వాక్యం తిన్నగా రాదని తెలిసిన పిల్లవాడు తన మొదటి వాక్యం రాయడానికి భయపడడు. ఏ గైడూ నేర్పని పాఠమిది. ఇది చెప్పాలంటే పంతులికి రాసే అలవాటుండాలి.