పంటల అంచనాలు - ధరల గతి

ఆదిలాబాదు ప్రాంతపు నల్లరేగడి రైతులు 2021 జూనులో సోయా విత్తునప్పుడు గింజధర నానాటికి పెరుగుచుండెను. ఆగష్టు తొలిదినములలో ఉత్తరాది మార్కెట్లలో అది క్వింటాలునకు పదివేల రూపాయలను మించినది. ఆ యేటి కనీస మద్దతు ధర 3,950 రూపాయలు మాత్రమే. పచ్చని పైరును, ఆ ధరను చూచి రైతు తన అప్పులు తీరెననియే తలచియుండును. ఆగష్టు ముగియక మునుపే కేంద్రప్రభుత్వమువారు 12 లక్షల టన్నుల సోయా చెక్కను విదేశములనుండి తెచ్చుకొనుటకు అనుమతించిరి. అక్టోబరులో పంట ఇంటికి వచ్చుసరికి ధర దాదాపు సగమునకు దిగినది.

ఇందు కోళ్ళ పెంపకమువారిని నిందించుట మా యుద్దేశము గాదు. వారును రైతులే. నూరు కిలోల సోయా గింజలనుండి వచ్చు నూనె సుమారు 18 కిలోలు. మిగిలినదానిలో అధికభాగము చెక్కయే. ఆ చెక్కయు మొక్కజొన్నయు కలిసి కోళ్ళ దాణా యగుచున్నవి. దాణా ప్రియమైనచో పెంపకమువాడు పిల్లలను తగ్గించును. కొన్ని నెలలకు గ్రుడ్డు ధర పట్టణవాసి చేతిని కాల్చును. గింజ, నూనె, కోడి అను మూడును ఒకే త్రాట కట్టబడియున్నవి. ఒకదాని లెక్క చూచి తక్కినవానిని మరచువాని జోస్యము ఫలింపదు.

అదే సంవత్సరము డిసెంబరులో సెబీవారు వడ్లు, గోధుమలు, సెనగలు, పెసలు, ఆవాలు, సోయా, ముడి పామాయిలు అను ఏడింటి వాయిదా వ్యాపారమును ఒక ఏడాదికని నిలిపివేసిరి. ఆ ఏడాది పలుమార్లు పొడిగింపబడినది! ధరల పెరుగుదలను అరికట్టుటయే ఉద్దేశమనిరి. కాని 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిను యుద్ధము మొదలుకాగానే నూనెలధర మన నిషేధమును లక్ష్యపెట్టక పైకెగసినది. వాయిదా బేరములలో జూదరులు లేరని మేమనము. అయినను రాబోవు నెలల ధర యెట్లుండునని పదుగురెదుట కనబడు పలక అదియొక్కటియే. పలకను తీసివేసినంతమాత్రమున జూదము పోదు. పెద్ద వర్తకుని గిడ్డంగిలోనికి పోవును.

పోనీ, ప్రభుత్వపు అంచనాలైనను నమ్మదగియున్నవా? 2022 ఫిబ్రవరిలో గోధుమపంట 11 కోట్ల 13 లక్షల టన్నులని ప్రకటించిరి. మార్చిలో వడగాడ్పులు గింజను మాడ్చినవి. మే 13వ తేదీన ఎగుమతులు నిషేధింపబడినవి. అంచనా 11 కోట్లకు దిగువకు దిగినది. ఎండకు ఎవరును బాధ్యులు గారు. కాని చేలు మాడిన సంగతి గ్రామములో అందరెరిగిన పిమ్మట లెక్కలలో కెక్కుటకు అన్ని దినములేల?

అమెరికావారి కథ వినదగినది. 1905లో వారి వ్యవసాయశాఖలోని యొక గణాంకాధికారి కార్యాలయపు కిటికీ తెరను ఎత్తుటచేతను దించుటచేతను ప్రత్తి అంచనాను వెలుపలనున్న బేరగాండ్రకు ముందుగా తెలిపినట్లు బయటపడినది. ఆ అపకీర్తి తరువాత అంచనాలను తలుపులు మూసి, బయటివారితో మాటాడనీయక సిద్ధముచేసి, నిర్ణీత క్షణమున లోకమునకంతకును ఒక్కసారిగా విడుదల చేయు పద్ధతి స్థిరపడినది. అంతేకాదు, రైతులు ఏ పంట నెన్ని ఎకరములలో వేయదలచిరో అడిగి మార్చి నెలాఖరున ప్రచురింతురు. మన రైతునట్లు అడిగినవారెవరు?

మా కోరిక స్వల్పము. మృగశిరకార్తెకు ముందుగా నిలువలెన్ని, దిగుమతు లెన్ని, దాణా కక్కర యెంత అను లెక్కలను ప్రతి మార్కెట్ యార్డు గోడమీద తెలుగులో వ్రాయింపవలెను. విత్తిన పిమ్మట పంట చేతికందువరకు దిగుమతి సుంకములను, అనుమతులను మార్చరాదు. మార్చక తప్పనిచో కలిగిన నష్టమును మద్దతు ధరకు కొనుగోలుచేసి భరింపవలసినవారు ప్రభుత్వమువారే గాని, వారి మౌనమును నమ్మి విత్తిన రైతు గాడు.