కరెంటు పని నేర్చుకుంటే తప్పేంటప్పా?

మా చిలమత్తూరు, కొడికొండ చెక్‌పోస్టు చుట్టుపక్కల ఊళ్ళలో పదో తరగతి రిజల్ట్సు వచ్చాయంటే ఇంటింటా ఒకటే లెక్క. పిల్లోన్ని ఇంటర్లో వేయాల, ఆ తర్వాత ఏదో ఒక ఇంజినీరింగు కాలేజీ, ఆ తర్వాత వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న బెంగళూరులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఈ లెక్క అందరికీ కుదరదని ఫ్రెషర్ల ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చున్న మనకు బాగా తెలుసు. అయినా ఊర్లో ఎవరన్నా సలహా అడిగితే మనమూ అదే చెప్తాం. "ఐటీఐలో చేర్చండి" అనడానికి నోరు రాదు.

మా చిన్నాయన మనవడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేస్తానన్నప్పుడు ఇంట్లో వచ్చిన మొదటి మాట "కరెంటోనికి పిల్లనెవరిస్తారప్పా?" అని. నేను వాడి వైపే మాట్లాడాను. ఇప్పటికీ వాడి వైపే. అయితే కొన్ని షరతులున్నాయి, అవి చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ముందు మా సీమ సంగతి. 2022 దాకా అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. పేరు మారింది గానీ వాన మారలేదు. వాన తక్కువ కాబట్టి బోర్లు ఎక్కువ. నీళ్ళు కిందికి పోయేకొద్దీ పెద్ద మోటారు దించాలి. ఓల్టేజీ పడిపోతే వైండింగు కాలుతుంది. ఎండాకాలంలో మోటారు కాలి వారం ఆగిందంటే మల్బరీ తోట ఎండుతుంది, పట్టుపురుగులకు ఆకు ఉండదు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేదాకా ఆగలేక, ఎల్సీ తీసుకోకుండా రైతే చెయ్యి పెడతాడు. అలా పోయిన ప్రాణాలు ప్రతి మండలంలోనూ ఉన్నాయి. కరెంటు పని తెలిసిన మనిషి విలువ ఇంతకన్నా బాగా తెలిసే చోటు ఉండదు. కానీ ఆ పని ఎలా నేర్చుకుంటున్నారు? వైండింగు షాపులో టీ, టిఫిన్ ఖర్చులకు ఏళ్ళ తరబడి నిలబడి. చేతికి పని వస్తుంది, ఎర్తింగు ఎందుకో మాత్రం ఎవరూ చెప్పరు.

దీనికి మంచి దారి ఒకటుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్ళు. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిసుల చట్టం కింద ఏదన్నా సంస్థలో ఏడాది పని నేర్చుకోవచ్చు, స్టైపెండు ఇస్తారు. చివర్లో పరీక్ష పాసైతే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్. చదువు అక్కడితో ఆగిపోతుందన్నది కూడా అపోహే. బ్రిడ్జి కోర్సు పాసై పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, అక్కడినుంచి ఈసెట్ రాసి బీటెక్కుకూ పోవచ్చు. 2019లో గ్రామ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంటు పోస్టులు వేసినప్పుడు అడిగింది కూడా ఇలాంటి చదువునే.

మరి ఇంత బాగుంటే పిల్లలు ఎందుకు పోవట్లేదు? నాకు కనిపించినవి రెండు.

ఒకటి, డబ్బు. 2019లో మార్చిన రూల్సులో ఐటీఐ పాసైనవాడికి నెలకు కనీసం 7,000 అని పెట్టారు. ఇది చాలట్లేదనే 2025 మేలో సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ స్టైపెండును 36 శాతం పెంచమని సిఫార్సు చేసింది. ఏడు వేలంటే బెంగళూరులో పీజీకి, బస్సుకే సరి. అదే పిల్లోడు ఏదన్నా అపార్టుమెంటు సైటులో హెల్పరుగా పోతే అంతకన్నా ఎక్కువే చేతికొస్తుంది. అప్పులున్న ఇంట్లో ఏది గెలుస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే ఇంటినుంచి పోయి రాగలిగే దూరంలో, హిందూపురం వైపో, 2019లో కియా మొదలైన పెనుకొండ వైపో దొరికితేనే ఈ లెక్క నిలబడుతుంది.

రెండు, నేర్పడం. మావాడు మొదట చేరిన చోట (పేరు వద్దులెండి) మూడు నెలలు అట్టపెట్టెలు మోయించారు. ప్యానెల్ తలుపు తెరిచి చూపించిన పాపాన పోలేదు. చట్టం ప్రకారం అప్రెంటిస్ అంటే ట్రైనీ, వర్కరు కాదు. వర్కరుకు ఉండే రక్షణలు చాలావరకు వాడికి ఉండవు. అలాంటప్పుడు నేర్పనన్నా నేర్పాలి కదా! "పెద్దనాయనా, ఏం చేయాల?" అని ఫోన్ చేస్తే, ట్రైనింగు ప్లాను చూపించమని మర్యాదగా అడగమన్నాను. అడిగాక మెయింటెనెన్సుకు మార్చారు. అడగని పిల్లలు పెట్టెల దగ్గరే ఉండిపోయారు.

అమెరికాలో ఉన్నవాళ్ళు ఎలక్ట్రీషియన్ బిల్లు చూసి గుండె పట్టుకునే ఉంటారు :-) అక్కడ యూనియన్ అప్రెంటిస్ ఐదేళ్ళు, 8,000 గంటలు పని మీద నేర్చుకుంటాడు. జీతం పూర్తి పనివాడి జీతంలో ఇంత శాతం అని మొదలై మెట్లు మెట్లుగా పెరుగుతుంది. జర్మనీలో మూడున్నరేళ్ళు. చాలాచోట్ల లైసెన్సు లేనివాణ్ణి పనికి పిలవరు కాబట్టి అన్నేళ్ళ శ్రమకు ఒక విలువుంది. మన దగ్గరా రూలు ఉంది. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ 2023 భద్రతా నిబంధనల్లోనూ లైసెన్సున్న కాంట్రాక్టరు, పర్మిట్ ఉన్న పనివాళ్ళే వైరింగు చేయాలి. కానీ ఫ్లాటు కొన్నప్పుడు టైల్సు, మాడ్యులర్ కిచెను ఇంత చూసిన మనలో వైర్‌మన్ పర్మిట్ అడిగినవాళ్ళు ఎంతమంది?

"మీ కొడుకుని పంపుతావా?" అంటారు. వాడికి ఇష్టమైతే పంపుతా. కానీ నా కొడుకు ఏది ఎంచుకుని దెబ్బతిన్నా వెనక నా జీతం ఉంది. ఊర్లో పిల్లోడికి ఉండేది ఒక్క అవకాశం. దాన్ని ఎవరూ చేర్చుకోని బీటెక్ పట్టా మీద పెట్టమని మనం చెప్పకూడదు.

మనం చేయగలిగిన పని ఒకటుంది. 30 మంది, ఆపైన ఉన్న ప్రతి సంస్థా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిసులను తీసుకోవాలని చట్టం. నేను పనిచేసిన ఆఫీసుల్లో ఆ కోటా గ్రాడ్యుయేట్లతోనే నింపారు. అదే బిల్డింగు బేస్‌మెంటులో హెచ్‌టీ ప్యానెళ్ళు, యూపీఎస్‌లు, డీజీ సెట్లు ఉంటాయి. అవి ఆగితే మన సర్వర్లు ఆగుతాయి. అక్కడ నేర్చుకోవడానికి ఐటీఐ పిల్లలను ఎందుకు తీసుకోరని మీ ఫెసిలిటీస్ వాళ్ళను, హెచ్ఆర్‌ను ఒక్కసారి అడిగి చూడండి. ఊరినుంచి ఎవరన్నా సలహా అడిగితే ఈ మూడూ కనుక్కోమనండి: స్టైపెండు బ్యాంకులో పడుతుందా, కాంట్రాక్టు రిజిస్టరైందా, నేర్పేవాడు ఎవరు?

ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే నిశ్చింతగా పంపమని చెప్పండి. ఏమంటారు?